అరువు గురువులతో అనాటమీ

వనపర్తి జిల్లాలో యాసంగి వచ్చిందంటే ఎటు చూసినా పల్లి చేలే. గోపాల్‌పేట లాంటి మండలాల్లో కలుపు తీయడం నుంచి కాయ తెంపడం దాకా ఆడకూలీలు గంటల తరబడి గొంతుకూర్చుని పని చేస్తారు. అలా కూర్చుని లేచిన మనిషికి ఒక్కోసారి పాదం పైకి లేవదు. నడుస్తుంటే చెప్పు జారిపోతుంది, వేళ్లు నేలకు తట్టుకుంటాయి, అడుగు వేసినప్పుడల్లా పాదం టపటపమంటూ నేలకు కొట్టుకుంటుంది. పక్షవాతమేమోనని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. డిస్కు జరిగిందని ఒకరు, నరాల బలహీనత అని మరొకరు చెబుతారు. మోకాలికి కాస్త కింద, బయటివైపున, ఫిబ్యులా అనే సన్నటి ఎముక మెడను చుట్టుకుని కామన్ పెరోనియల్ నరం కాలిలోకి దిగుతుంది. అక్కడ దానికి చర్మం తప్ప పెద్దగా రక్షణ లేదు. మోకాళ్లు పూర్తిగా మడిచి చాలాసేపు కూర్చుంటే ఆ నరం నలిగిపోతుంది. నడుము దగ్గర ఐదో లంబార్ నరం మొదలు నొక్కుకున్నా పాదం ఇలాగే వాలిపోతుంది. రెండింటిలో ఏదో తేల్చడానికి మొదటి పరీక్షకు యంత్రమేమీ అక్కర్లేదు. పాదాన్ని లోపలికి తిప్పమనాలి. పక్కకు తిరిగి పడుకుని కాలు పైకెత్తమనాలి. ఆ రెండు పనులు చేసే ముఖ్యమైన కండరాలకు నడుము నరంతో సంబంధం ఉంది, పెరోనియల్ నరంతో లేదు. వాటి బలం తగ్గకుంటే గొడవ మోకాలి దగ్గర, తగ్గితే నడుము దగ్గర అని అనుమానించాలి.

ఈ తేడా తెలిసిన ఫిజియోథెరపిస్టు ఆ మనిషిని గొంతుకూర్చోవద్దని చెప్పి, పాదం వాలకుండా పట్టీ అమర్చి, కండరం క్షీణించకుండా వ్యాయామం నేర్పుతాడు. తెలియనివాడు నడుముకు ట్రాక్షన్ కట్టి, కరెంటు పెట్టి, సిట్టింగుల లెక్కన ఫీజు తీసుకుని పంపిస్తాడు. ఇద్దరి పట్టాలూ ఒకటే కావచ్చు. తేడా ఎక్కువగా మొదటి ఏడాది అనాటమీ క్లాసులో పడుతుంది. ఆ క్లాసు ఎవరు చెబుతున్నారు, వారిని ఎవరు, ఏ పోస్టులో నియమించారు అన్న ప్రశ్నను మన వైద్య విద్యా విధానం ఇంతవరకు సీరియస్‌గా తీసుకోలేదు. ఫిజియోథెరపీకి అనాటమీ పాఠం చెప్పే గురువును మెడికల్ కాలేజీ నుంచో, ఖాళీగా ఉన్న సొంత సిబ్బంది నుంచో అరువు తెచ్చుకోవడం ఆనవాయితీగా మారింది. ఈ అరువు పద్ధతికి స్వస్తి చెప్పి, విశ్వవిద్యాలయ స్థాయిలో ప్రత్యేక అర్హతలతో, శాశ్వత పోస్టుల్లో ఈ అధ్యాపకులను నియమించుకోవాలి. దానికి రాజధాని కంటే పాత పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, ప్రాంతమే అనువైన చోటు.

ముందు అవసరం సంగతి చూద్దాం. దేశంలో ఫిజియోథెరపీ చదువు 1953లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో, పోలియో బాధితులను దృష్టిలో పెట్టుకుని మొదలైంది. 2014 మార్చిలో భారత్ ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. పోలియో పోయినా ఫిజియోథెరపీ అవసరం తగ్గలేదు, పెరిగింది. పక్షవాతం, మధుమేహంతో బిగుసుకుపోయే భుజాలు, అరిగిపోయిన మోకాళ్లు, సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన పిల్లలు ఇప్పుడు ఫిజియోథెరపీ బల్లల మీదికి వస్తున్నారు. పాలమూరులో వీటికి తోడు వలస ఉంది. ముంబై, పుణె, హైదరాబాద్ కట్టడాల మీద ఇటుకలు, ఇసుక, సిమెంటు మోసి నడివయసులోనే నడుము పోగొట్టుకుని ఊరు చేరిన మనుషులు వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల పల్లెల్లో ఏ వీధిలోనైనా కనిపిస్తారు. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ప్రమాదాల్లో కాళ్లు చేతులు విరగ్గొట్టుకున్నవారిది మరో వరుస. ఎముక అతకడంతో ఆర్థోపెడిక్ డాక్టరు పని అయిపోతుంది. కీలు కదిలే పని అప్పుడే మొదలవుతుంది. మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాలకు వికలాంగ పిల్లల కోసం ఫిజియోథెరపిస్టు వారానికోసారి వచ్చిపోయే ఏర్పాటుంది. ఆ ఒక్క పూటలో బిడ్డను పట్టుకునే మనిషి చేతికి తొడ కండరాలు, తుంటి కీలు ఎంత తెలుసో అంతే ఆ బిడ్డకు అందే వైద్యం.

డాక్టరు కూడా అనాటమీ చదువుతాడు, ఫిజియోథెరపిస్టూ చదువుతాడు, పేరు ఒకటే. అవసరాలు మాత్రం వేరు. ఎంబీబీఎస్ విద్యార్థికి పిండాభివృద్ధి, కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చదవడం, కడుపులోని అవయవాలు, వాటి రక్తనాళాలు, శోషరస మార్గాలు కావాలి. 2019 పాఠ్యప్రణాళిక ప్రకారం అనాటమీకి 675 గంటలు కేటాయించారు. ఫిజియోథెరపీ విద్యార్థికి అంత విస్తారం అవసరం లేదు. అతనికి కావలసింది కీళ్లు, కండరాలు, వెన్ను, నాడీ మండలం. అక్కడ మాత్రం డాక్టరుకంటే లోతు కావాలి. భుజం కీలు చుట్టూ నాలుగు కండరాలు కలిసి రొటేటర్ కఫ్‌గా ఏర్పడతాయని చెబితే ఎంబీబీఎస్ పరీక్షకు సరిపోవచ్చు. చేయి పైకి లేచే ప్రతి దశలో వాటిలో ఏది ఎంత లాగుతుంది, రెక్క ఎముక ఏ పాళ్లలో కలిసి తిరుగుతుంది, మూసిన చర్మం మీద వేలు పెట్టి ఏ కండరపు స్నాయువు ఎక్కడ దొరుకుతుంది అన్నవి తెలియకుండా బిగుసుకుపోయిన భుజాన్ని ముట్టుకోకూడదు. ఒకరు కోసి చూసేవారు, ఇంకొకరు కోయకుండా చేత్తో తడిమి పోల్చుకోవాల్సినవారు. రెండో పని కష్టమైనదని శవచ్ఛేద హాలులో కాసేపు గడిపినవారెవరైనా ఒప్పుకుంటారు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఫిజియోథెరపీ కళాశాలల్లో అనాటమీ పాఠం సాధారణంగా మూడు రకాలుగా నడుస్తుంది. అనుబంధ మెడికల్ కాలేజీ ఉన్నచోట అక్కడి అనాటమీ విభాగంలో జూనియర్ ఎవరికైనా ఈ క్లాసు అప్పగిస్తారు. ఆయన తన ఎంబీబీఎస్ నోట్సునే కుదించి చెబుతాడు. మెడికల్ కాలేజీ లేనిచోట రిటైరైన ప్రొఫెసరో, ప్రాక్టీసు చేసుకునే డాక్టరో వారానికి ఒకటి రెండు రోజులు గెస్టుగా వస్తారు. వారికి పాఠం తెలుసు, విద్యార్థి తెలియడు. మూడో రకంలో ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) పూర్తి చేసి కొత్తగా చేరిన లెక్చరర్‌కు, ఆయన చదివింది స్పోర్ట్స్ అయినా కార్డియో అయినా, మొదటి ఏడాది అనాటమీ అంటగడతారు. చేతిలో చౌరాసియా అనాటమీ పుస్తకం, పెట్టెలో ఒక ఎముకల సెట్టు ఉంటే చాలు, క్లాసు అయిపోయినట్టే. మూడింటిలోనూ లోపం వ్యక్తిది కాదు. ఏడాది పొడవునా ఈ పాఠానికి తానే బాధ్యుణ్ని అనుకునే మనిషి ఒక్కరూ ఉండకపోవడమే అసలు లోపం. పాఠ్యప్రణాళిక మారితే పట్టించుకునేవారుండరు, నమూనాలు తయారు చేసేవారుండరు, మూడో ఏడాది న్యూరాలజీ పాఠంలో విద్యార్థి తడబడితే మొదటి ఏడాది క్లాసుకు ఆ సంగతి చేర్చేవారూ ఉండరు.

అనాటమీ డాక్టర్లే దొరకనప్పుడు ఫిజియోథెరపీకి ఎక్కడి నుంచి తెస్తారని అడగవచ్చు. ప్రశ్నలో సగం నిజముంది. ఎండీ అనాటమీ సీట్లు ఏటా మిగిలిపోతున్నాయి. ఎంబీబీఎస్ ముగించిన కుర్రాడు రేడియాలజీ, డెర్మటాలజీ వైపు పరుగెడతాడు. ప్రైవేటు ప్రాక్టీసుకు పనికిరాని అనాటమీని చివరి రౌండులో కూడా తీసుకోడు. 2023లో నీట్ పీజీ కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించాల్సి వచ్చింది. ఇలాంటి బోధనా శాఖల్లో మిగిలిపోయే సీట్లు దానికి ఒక పెద్ద కారణం. తెలంగాణ ఆసుపత్రులు, కళాశాలల కోసం వైద్య నియామక మండలి 2022 చివర్లో 1,147 అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు, 2025లో 607 పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చింది. అయినా జాతీయ వైద్య కమిషన్ అధ్యాపకుల కొరత పేరుతో రాష్ట్ర ప్రభుత్వ కళాశాలల్లో అత్యధికానికి నోటీసులు పంపింది. సొంత ఇంట్లోనే ఇంత కరువున్న విభాగాన్ని ఫిజియోథెరపీ విద్యార్థులకు కూడా పాఠం చెప్పమంటే నామమాత్రమే అవుతుంది. ఫిజియోథెరపీకి ఎండీ అనాటమీ డాక్టరే కావాలని పట్టుబట్టకూడదనడానికి ఇదే కారణం.

ప్రశ్నలో మిగతా సగం తప్పు. అనాటమీ తెలిసినవాళ్లు దేశంలో కరువై లేరు. మెడికల్ కాలేజీల్లోనే మూడేళ్లు చదివి, శవచ్ఛేదం చేసి, ఎంబీబీఎస్ విద్యార్థులకు ట్యూటర్లుగా పాఠాలు చెప్పి, ఎంఎస్సీ మెడికల్ అనాటమీ పట్టా పొందినవారు, ఆపైన పీహెచ్‌డీ చేసినవారు ఉన్నారు. దశాబ్దాల పాటు మన దక్షిణాది ప్రైవేటు కళాశాలలు వీరి భుజాల మీదే నిలిచాయి. పాత వైద్య మండలి నిబంధనల్లో అనాటమీ అధ్యాపకుల్లో 30 శాతం దాకా వీరికి చోటుండేది. 2020లో కొత్త కమిషన్ దాన్ని 15 శాతానికి కుదించింది. ఫార్మకాలజీ, మైక్రోబయాలజీల్లో అసలు తలుపే మూసేసింది. ఈ ఎంఎస్సీ అధ్యాపకుల సంఘం ఢిల్లీ హైకోర్టుకు ఎక్కింది. ఐదేళ్లు తిరిగాక, 2025లో వచ్చిన అర్హతల నిబంధనలు ఈ శాఖలన్నింటిలోనూ ఎంఎస్సీ, పీహెచ్‌డీ ఉన్నవారికి మళ్లీ దారి తెరిచాయి. ఈ ఐదేళ్లలో ఎందరు ఈ రంగం వదిలి మెడికల్ కోడింగ్‌కో, కోచింగ్ సెంటర్లకో వెళ్లారో లెక్క తీసినవారు లేరు. ఒక చేత్తో తోసేసి, మరో చేత్తో కొరత కొరత అని గుండెలు బాదుకోవడం మన వైద్య విద్యకు అలవాటే. వైద్య కళాశాల వీరిని ఎంత శాతం తీసుకోవాలన్నది వైద్య కమిషన్ తేల్చుకోనీ. ఫిజియోథెరపీ వైద్య కమిషన్ పరిధిలోనిది కాదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి వస్తుంది. ఈ గురువులను పూర్తి హోదాతో ఆహ్వానించడానికి ఫిజియోథెరపీకి ఆ శాతాల సంకెళ్లు లేవు.

వీరితో పాటు రెండో వర్గం కూడా ఉంది. ఎంపీటీ చేసి, అనాటమీ మీద ఇష్టంతో అందులో పరిశోధన చేయాలనుకునే ఫిజియోథెరపిస్టులు. ఎంఎస్సీ అనాటమిస్టుకు శవం తెలుసు, రోగి తెలియడు. ఎంపీటీకి రోగి తెలుసు, శవం అంతగా తెలియదు. ఒకరికి ఏడాది పాటు ఫిజియోథెరపీ ఓపీలో, మరొకరికి ఏడాది పాటు డిసెక్షన్ హాలులో తప్పనిసరి శిక్షణ పెట్టి, ఇద్దరినీ ఒకే పోస్టుకు పోటీ పడనివ్వాలి. ఇద్దరిలో ఎవరు మేలని ఇప్పుడే తేల్చనక్కర్లేదు. ఎంపిక పరీక్షలో డెమో క్లాసు ఒక్కటి పెడితే తెలిసిపోతుంది: నమూనా దేహం మీద భుజం చూపించి, వెంటనే బతికున్న మనిషి భుజం మీద అదే కండరాన్ని వేలితో పట్టుకుని చూపించాలి. మార్కుల జాబితా చెప్పని విషయాన్ని ఆ పావుగంట చెబుతుంది.

వేరే వైద్య వృత్తి తన విద్యార్థుల కోసం అనాటమీ గురువును సొంతంగా నియమించుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో బయటపడ్డ శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుకు ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాల ఆయనను అనాటమీ లెక్చరర్‌గా తీసుకుంది. అమెరికాకు ఓడెక్కే ముందు ఆయన చేసిన పని అదే. ఆయుర్వేద విద్యార్థికి ఆధునిక శరీర నిర్మాణం తెలియాలని లక్ష్మీపతి అనుకున్నారు. అందుకు తగిన మనిషిని, పట్టా తక్కువదని పెద్దలు తోసేసిన మనిషిని, జీతమిచ్చి పెట్టుకున్నారు. వందేళ్ల కిందట ఒక ఆయుర్వేద కళాశాలకు తట్టిన ఆలోచన ఇవాళ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి తట్టకపోవడం వింతే.

అమెరికా అనుభవం కూడా ఇక్కడ పనికొస్తుంది, అయితే మనవాళ్లు సాధారణంగా చెప్పే కారణానికి కాదు. అక్కడ ఫిజికల్ థెరపీలో ప్రవేశ పట్టానే డాక్టరేట్ స్థాయికి పెంచారు. కళాశాలలు పుట్టగొడుగుల్లా పెరిగాయి. గుర్తింపు సంస్థ ప్రధాన అధ్యాపకుల్లో కనీసం సగం మందికి పరిశోధన స్థాయి డాక్టరేట్ ఉండాలంటుంది. అదే కాలంలో అక్కడి విశ్వవిద్యాలయాల్లో అనాటమీ విభాగాలు కణ జీవశాస్త్రం, న్యూరోబయాలజీ అని పేర్లు మార్చుకున్నాయి. పరిశోధన నిధులన్నీ కణం లోపలికి వెళ్లాయి, చేయీ కాలూ కోసి చూపించే గురువులు తయారుకావడం తగ్గింది. ఫలితంగా ఫిజికల్ థెరపీ కోర్సులు అనాటమీ గురువుల కోసం వెతుక్కుంటూనే ఉన్నాయి. డబ్బుంటే కొరత తీరదని, ముందుచూపుతో తయారు చేసుకోకపోతే జీతం ఎంతిచ్చినా మనిషి దొరకడని ఆ దేశం మనకంటే ముందే తెలుసుకుంది. మన దగ్గర 2025లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ ఫిజియోథెరపీకి కొత్త పాఠ్యప్రణాళిక తెచ్చి, ఇంటర్న్‌షిప్‌ను ఏడాదికి పెంచి, కోర్సును ఐదేళ్లు చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చా లేదా అన్న రగడ జరిగింది. కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఒకరోజు వద్దని లేఖ రాసి మర్నాడే వెనక్కి తీసుకుంది. ఆ ఒక్క పదం మీద ఖర్చయిన సిరాలో పదో వంతు కూడా, ఐదేళ్ల కోర్సుకు మొదటి ఏడాది గురువెవరు అన్న ప్రశ్న మీద ఖర్చు కాలేదు.

ఇక పాలమూరు ఎందుకంటే, తెలంగాణ ఉద్యోగ నియామక జోన్లలో ఏడోదైన జోగులాంబ జోన్‌లో మహబూబ్‌నగర్, నారాయణపేట, జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలున్నాయి. ఐదు జిల్లాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. మహబూబ్‌నగర్‌ది 2016లో వచ్చింది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లవి 2022 నవంబరులో ఒకే రోజు మొదలయ్యాయి. గద్వాల, నారాయణపేటలకు 2024లో 50 సీట్ల చొప్పున అనుమతి వచ్చింది. 2016కు ముందు ప్రభుత్వ రంగంలో ఒక్క డిసెక్షన్ హాలు కూడా లేని ప్రాంతంలో ఇప్పుడు ఐదు అనాటమీ విభాగాలున్నాయి. గోపాల్‌పేట నుంచి చూస్తే ఒకవైపు వనపర్తి, మరోవైపు నాగర్‌కర్నూల్; రెండు హాళ్లూ బస్సు ప్రయాణం దూరంలోనే. కానీ ఆ మండలంలో ఇంటర్ బైపీసీ పూర్తి చేసిన పిల్ల ఫిజియోథెరపీ చదవాలనుకుంటే ఎక్కువగా హైదరాబాద్ హాస్టల్ వైపే చూడాలి. నిమ్స్‌లో సీటు వస్తే అదృష్టం, లేకపోతే ప్రైవేటు ఫీజు. అక్కడ చదివిన పిల్ల తిరిగి గోపాల్‌పేట రావడం అరుదు.

మెడికల్ కాలేజీ డిసెక్షన్ హాలు ఏడాదంతా నిండి ఉండదు. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో సాధారణంగా ముందు చేయి, తర్వాత కాలు, ఆ తర్వాత ఛాతీ, పొట్ట, చివర తల, మెడ కోస్తారు. విద్యార్థులు ఛాతీ, పొట్ట దగ్గరికి వెళ్లేసరికి, శుభ్రంగా విడదీసి ఉన్న చేతులు, కాళ్లు ఫార్మాలిన్ తొట్టెలో పడి ఉంటాయి. ఫిజియోథెరపీ విద్యార్థికి కావలసింది సరిగ్గా అవే. అతను మొదటి నుంచి కోయనక్కర్లేదు. బాగా విడదీసిన నమూనా మీద కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుందో, దాని మీదుగా ఏ నరం వెళ్తుందో చూసి, తడిమి, కదిలించి తెలుసుకుంటే చాలు. రెండు కోర్సుల క్యాలెండర్లను రెండు నెలల తేడాతో సర్దితే ఒకే హాలు, ఒకే దేహం ఇద్దరికీ పనికొస్తాయి. అదనంగా కావలసింది ఆ హాలులో ఫిజియోథెరపీ వైపు నిలబడే గురువు ఒక్కరు. ఐదు కళాశాలలకు కలిపి జోన్ స్థాయిలో పోస్టులు సృష్టించి, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వారి అర్హతలు, బోధనా గంటలు నిర్ణయించి, వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో ప్రభుత్వ రంగంలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) కోర్సు మొదలుపెడితే, అనాటమీ గురువుల శిక్షణ కేంద్రం కూడా అక్కడే తయారవుతుంది.

ప్రమాణాలు పడిపోతాయన్న అభ్యంతరం వైద్యుల వైపు నుంచి తప్పక వస్తుంది. డాక్టరు కానివాడు శరీర నిర్మాణం చెబితే రోగితో దాని సంబంధం తెగిపోతుందంటారు. ఇందులో న్యాయం లేకపోలేదు: రోగిని ఎన్నడూ చూడని గురువు చెప్పే అనాటమీ నిజంగానే ఎండిపోయి ఉంటుంది. అయితే ఎండీ అనాటమీ చేసిన డాక్టరు కూడా పీజీలో చేరిన రోజు నుంచి రోగిని వదిలేసినవాడే. ఫిజియోథెరపీ రోగిని, అంటే కాలు ఎత్తలేక కూర్చున్న మనిషిని ఆయన ఎంబీబీఎస్ రోజుల్లో కూడా పెద్దగా చూసి ఉండడు. అందుకే ఓపీలో ఏడాది శిక్షణ షరతు. ఆ షరతును సడలించి, ఏ ఎంఎస్సీ పట్టా ఉంటే చాలని నోటిఫికేషన్ ఇస్తే మాత్రం వైద్యుల అభ్యంతరమే గెలుస్తుంది, గెలవాలి కూడా.

దేహాల కొరత సంగతి ఇంకా కఠినమైనది. అనాటమీ చట్టాలు, 1949 నాటి బొంబాయి చట్టంతో మొదలుపెట్టి, ప్రధానంగా ఎవరూ తీసుకెళ్లని అనాథ శవాల మీద ఆధారపడ్డాయి. కళాశాలలు పెరిగినకొద్దీ అవి చాలడం లేదు. దేహదానం పెరగడమే దారి. 2024లో రెండు మరణాలు తెలుగువారి మధ్య దీని గురించి మాట్లాడించాయి: సెప్టెంబరులో సీతారాం ఏచూరి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు, అక్టోబరులో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహాన్ని హైదరాబాద్ గాంధీ వైద్య కళాశాలకు అప్పగించారు. వారి రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఆ నిర్ణయాన్ని గౌరవించారు. జిల్లాల్లో ఈ చైతన్యం ఇంకా రావాలి. దానం చేస్తామని రాసిచ్చిన మనిషి చనిపోతే రాత్రిపూట ఫోను ఎత్తి, బండి పంపి, కుటుంబంతో మర్యాదగా మాట్లాడే విభాగం ఉంటేనే రెండో కుటుంబం ముందుకొస్తుంది. ఆ పని చేయాల్సింది స్థానికంగా ఉండే శాశ్వత అధ్యాపకుడే. వారానికి రెండు రోజులు వచ్చే గెస్టు కాదు.

శవమే అక్కర్లేదు, బల్లంత తెర మీద వేలితో పొరలు ఒలిచి చూపించే త్రీడీ యంత్రాలు వచ్చేశాయి కదా అంటారు కొందరు. అవి మంచివే, ఉండాలి. తెర మీద అందరి శరీరమూ ఒకేలా ఉంటుంది. నిజం శరీరంలో నరం ఒకరిలో కండరం పక్క నుంచి, ఇంకొకరిలో కండరాన్ని చీల్చుకుని వెళ్తుంది. పిరుదులోని పిరిఫార్మిస్ కండరం, సయాటిక్ నరం మధ్య ఈ తేడా తరచూ చర్చకు వచ్చేదే. పైగా వేళ్లతో రోగిని పట్టుకునే వృత్తికి తయారయ్యే విద్యార్థికి బిగువు, మెత్తదనం, జారుడు అద్దం మీద తెలియవు. యంత్రం కొనడానికి టెండరు పిలవడం సులువు, మనిషిని నియమించడం కష్టం. మన ప్రభుత్వ విభాగాలు యంత్రం వైపే మొగ్గడానికి అసలు కారణం ఇదే కావచ్చు.

జిల్లాకు ఎవరొస్తారన్నది చివరి ప్రశ్న. క్లినికల్ డాక్టరు వనపర్తికి రావడానికి వెనుకాడతాడంటే అర్థముంది; అతని ప్రాక్టీసు, సంపాదన హైదరాబాద్‌లో ఉంటాయి. అనాటమిస్టుకు ప్రైవేటు ప్రాక్టీసు లేదు. అతనికి ఉన్నది జీతం, క్లాసు, పరిశోధన. మంచి జీతం, స్థిరమైన పోస్టు, ప్రమోషన్‌కు స్పష్టమైన మెట్లు, పీహెచ్‌డీ మార్గదర్శకుడిగా గుర్తింపు ఇస్తే అతను జిల్లాకు వస్తాడు. పదకొండు నెలల కాంట్రాక్టు ఇచ్చి, ఏటా రెన్యువల్ కోసం డైరెక్టరేట్ మెట్లెక్కిస్తే ఎవరూ రారు, వచ్చినా నిలవరు. ఖర్చు లెక్క చూసినా ఇది భారీ పద్దు కాదు. భవనం ఉంది, హాలు ఉంది, జిల్లా ఆసుపత్రి ఉంది, రోగులున్నారు. లేనివి కొన్ని పోస్టులు, వాటి అర్హతలు రాసిన ఒక జీవో.

కాళోజీ విశ్వవిద్యాలయం, ఆరోగ్య శాఖ చేయాల్సినవి మూడే పనులు. ఫిజియోథెరపీ అనాటమీని ప్రత్యేక బోధనా కేడర్‌గా గుర్తించాలి. జోగులాంబ జోన్‌లోని ఐదు మెడికల్ కాలేజీలకు కలిపి ఆ కేడర్‌లో మొదటి విడత శాశ్వత పోస్టులు మంజూరు చేయాలి. నియామక మండలి తదుపరి నోటిఫికేషన్‌లో వాటిని, శిక్షణ షరతుతో సహా, చేర్చాలి. పాలమూరు జిల్లాల శాసనసభ్యులు తమ తమ జిల్లాకు మెడికల్ కాలేజీ కావాలని గట్టిగా అడిగి సాధించుకున్నారు. ఈ పోస్టులను కూడా అంతే గట్టిగా అడగాలి.